తొక్‌గుక్ ఇంటి వంటే, కానీ మరలో మొదలవుతుంది

మొదటిసారి నేను వండిన తొక్‌గుక్‌ను గిన్నెలో నుంచి గరిటెతో తీయలేదు, అట్లకాడతో గీకాను. అది 2017 జనవరి, కొరియన్ల చాంద్రమాన సంవత్సరాది అయిన సొల్లాల్ పండుగకు ముందురోజు. మేము దక్షిణ కొరియాలోని సువాన్ నగరానికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. బయట మంచు, లోపల పొయ్యి మీద తెల్లటి జిగురు. మా ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కాసేపు దవడలు ఆడించి, "సినిమా పోస్టర్లు అంటించడానికి పనికొస్తుంది" అన్నారు. నాకు కోపం వచ్చింది గాని, మాట మాత్రం నిజం.

తప్పు దుకాణంలోనే జరిగిపోయింది. కొరియాలో బియ్యప్పిండి రెండు రకాలు. మామూలు అన్నం బియ్యాన్ని మెప్‌సల్ అంటారు, జిగురు బియ్యాన్ని చాప్‌సల్ అంటారు. అప్పటికి నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు, అర్థాలు రావు. రెండు పొట్లాలూ పక్కపక్కనే ఉంటే, బొమ్మ బాగున్నది తెచ్చాను. అది చాప్‌సల్. జిగురు బియ్యంతో చేసిన ముక్క మరిగే నీళ్లలో ముక్కగా నిలబడదు, కరిగి పులుసును గంజి చేస్తుంది. తొక్‌గుక్‌కు కావలసింది మెప్‌సల్.

తెలియనివారికి నాలుగు ముక్కలు చెబుతాను. తొక్ అంటే బియ్యప్పిండితో, ఎక్కువగా ఆవిరి మీద, వండే పదార్థాలన్నిటికీ ఉమ్మడి పేరు, గుక్ అంటే పులుసు లాంటి చారు. రెండూ కలిపి పలికితే చివర "తొక్కుక్" అని వినిపిస్తుంది. తెలంగాణ స్నేహితురాలు ఒకామె మొదటిసారి విని "ఏ తొక్కు, మామిడికాయ తొక్కా?" అని అడిగింది. తెల్లని, పొడవాటి, వేలంత లావు బియ్యపు కడ్డీని గారెతొక్ అంటారు. మన గారెకూ దీనికీ చుట్టరికమేమీ లేదు, వాళ్ల భాషలో "గారె" అంటే కడ్డీలా సాగిన వస్తువు. ఆ కడ్డీని ఏటవాలుగా, పలచగా, కోలగా కోసి, మాంసపు చారులో ఉడికించి, పైన కోడిగుడ్డు, ఉల్లికాడలు, కాల్చిన సముద్రపు నాచు వేసి, చాంద్రమాన సంవత్సరాది ఉదయం తినేదే తొక్‌గుక్. ఒక గిన్నె తింటే ఒక ఏడు వయసు పెరిగినట్టు లెక్క.

ఆ మార్చిలో రెండో ప్రయత్నం చేశాను. ఈసారి మెప్‌సల్ పిండే తెచ్చాను. ఒక వీడియోలో ఒకామె పొడి పిండిలో వేడినీళ్లు పోసి, కలిపి, ఆవిరి పట్టి, పిసికి, చపాతీ కర్రంత పొడవున చుట్టి, "ఇరవై నిమిషాల్లో ఇంట్లోనే అసలైన తొక్" అని నవ్వింది. నేనూ అలాగే చేశాను. చూడటానికి బాగానే వచ్చింది. కోశాను, చారులో వేశాను. అంచులు పీచుపీచుగా విడిపోయాయి, నడుమ పిండి పిండిగానే ఉండిపోయింది. కొరికితే సాగాల్సింది విరిగింది. మూడోసారి నీళ్లు మార్చాను, నాలుగోసారి ఆవిరి సమయం మార్చాను. ఫలితం కొంచెం మారింది, జాతి మారలేదు.

ఇన్ని చెప్పుకోవడం ఎందుకంటే, ఈ ఎనిమిదేళ్లలో నాకు తరచూ ఎదురయ్యే ఒక మాటతో నాకు పేచీ ఉంది. "ప్యాకెట్ తొక్ కొనకండి, అంతా మీ చేత్తో మొదటినుంచి చేస్తేనే సంప్రదాయం" అనే మాట అది. కొరియన్లు కానివాళ్లే దీన్ని ఎక్కువగా అంటారు. మొన్న ఒక తెలుగు వంటల బృందంలో కూడా ఒకరు అలాగే తీర్పు చెప్పారు. నేను చూసినంతలో తొక్‌గుక్‌ను ఇంట్లో వండే ఏ కొరియన్ ఇల్లాలూ గారెతొక్‌ను తన వంటగదిలో చేయదు. చేయాలని అనుకోదు కూడా. ఆ ఇంటి వంట మరలో మొదలవుతుంది. అలా మొదలవడమే సంప్రదాయం అని నా వాదన.

మరను ఇక్కడ బంగత్కన్ అంటారు. సువాన్ కోట దక్షిణ ద్వారం పాల్దల్‌మున్ చుట్టూ పాత మార్కెట్లు ఉన్నాయి. ఆ సందుల్లో ఉన్న ఒక మరకు నన్ను మా పై అంతస్తు ఆవిడ తీసుకెళ్లింది. నా నాలుగు పరాజయాల కథ విని ఆవిడ నవ్వలేదు. "ఇంట్లో ఎందుకు చేశావు?" అని మాత్రం అడిగింది. దారి పొడవునా నేను దానికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

మర గుమ్మంలోనే తెనాలి గుర్తొచ్చింది. ఒక మూల ఎండు మిరపకాయలు పొడి కొడుతున్నారు, ఇంకో మూల వేయించిన నువ్వుల నుంచి నూనె తీస్తున్నారు, మధ్యలో ఆవిరి. మిరప ఘాటుకు ముక్కు మండుతుండగా నువ్వుల వాసనకు నోరూరింది. మా వీధి మరలో కారానికి ఒక యంత్రం, పిండికి ఒక యంత్రం ఉండేవి. సంక్రాంతి వారంలో మాత్రం తడి బియ్యానికి విడిగా వరుస కట్టేవాళ్లం. ఇక్కడా అదే వరుస. నీళ్లు ఓడ్చిన బియ్యంతో ప్లాస్టిక్ తొట్టెలు బారుగా పెట్టి ఉన్నాయి, ఒక్కోదానిపై ఇంటిపేరు రాసిన కాగితం అంటించి ఉంది.

నేను రాత్రంతా నానబెట్టిన రెండు కిలోల బియ్యం పట్టుకెళ్లాను. మర నడిపే పెద్దావిడ నా డబ్బాలోకి తొంగి చూసింది.

"సెదెక్, ఇదేనా?"

సెదెక్ అంటే కొత్త కోడలు. పెళ్లయిన చిన్నవయసు ఆడవాళ్లను పెద్దవాళ్లు అలా పిలుస్తారు.

"రెండు కిలోలు, హల్మొనీ" అన్నాను. హల్మొనీ అంటే అవ్వ.

"రెండు కిలోలు నా యంత్రానికి అంటుకోవడానికి సరిపోతాయి. నువ్వు ఇంటికి ఏం తీసుకెళతావు?"

అక్కడి లెక్క ఒక మాల్, అంటే మరల్లో దాదాపు ఎనిమిది కిలోల బియ్యం. అంతకన్నా తక్కువైతే యంత్రం పెట్టరు. ఎనిమిది కిలోల బియ్యం తొక్‌గా మారితే పది కిలోలు దాటుతుంది. ఇద్దరం ఉండే ఇంట్లో ఏం చేసుకోను? మా పై అంతస్తు ఆవిడ అప్పటికే లెక్క వేసుకుంది. తనవి మూడు కిలోలు, ఎదురింటివాళ్లవి మూడు, నావి రెండు. నేను కొరియాలో ఒక పండుగలోకి అడుగుపెట్టింది ఆ లెక్కతోనే. గుడిలోనో, విందులోనో కాదు.

యంత్రం పని చూడటానికి నన్ను పక్కన నిలబడనిచ్చారు. నానిన బియ్యంలో ఉప్పు కలిపారు, కిలోకు సుమారు పది గ్రాములు. రాతి రోలర్ల మధ్య నుంచి రెండుసార్లు పంపితే బియ్యం తడితడి పిండిగా రాలింది. పిడికిట పడితే ముద్దవుతుంది, వేలితో తడితే విడిపోతుంది. అది చూడగానే నా చేతికి తెలిసిపోయింది. అది అరిసెల పిండి! మా అమ్మమ్మ గుడ్డలో ఆరబోసి, తడి ఇంకా పోకముందే మరకు పరుగెత్తించి, తెచ్చాక గిన్నెలో అదిమి, పైన మూత వేసి దాచిన పిండి. "తడి ఆరిందా, అరిసె పోయిందే" అని తన మాట. పొడి బియ్యప్పిండితో అరిసె ఎందుకు కుదరదో ఏ తెలుగు వంటగదికైనా తెలుసు. అదే బియ్యం, అదే తడి పిండి. నేను మాత్రం సూపర్‌మార్కెట్ పొట్లంలో పొడి పిండి కొని, తొక్ రాలేదని కొరియన్ వంటను తిట్టుకున్నాను. నానిన గింజ మెత్తబడి సులువుగా మెదుగుతుంది. ఎండిన గింజను పొడి కొడితే రాపిడికి వేడెక్కి పిండి పదార్థమే దెబ్బతింటుంది, ఆ తర్వాత నీళ్లు పోసినా అది నీటిని మరోలా పీలుస్తుంది.

పిండిలో మళ్లీ కాసిని నీళ్లు చిలకరించి, ఇరవై, ఇరవైఐదు నిమిషాలు ఆవిరి పట్టారు. ఉడికిన ముద్దను యంత్రం నోట్లో వేశారు. లోపల మర చుట్లు దాన్ని నొక్కి, పిసికి, చిన్న గుండ్రటి రంధ్రాల నుంచి బయటికి తోశాయి. మొదటిసారి వచ్చిన కడ్డీని పట్టి మళ్లీ లోపలే పడేశారు. రెండోసారి వచ్చింది మాత్రం వేరే వస్తువు. నునుపుగా, మెరుస్తూ, పాలరాయి తీగలా సాగుతూ చన్నీళ్ల తొట్టెలోకి దిగింది. హల్మొనీ కత్తెరతో చేయంత పొడవున కత్తిరిస్తూ, మధ్యలో ఒక ముక్కను నా చేతిలో పెట్టింది. పొగలు కక్కుతోంది. కొరికితే పళ్లకు ఎదురు తిరిగి, సాగి, లొంగింది. ఉప్పు, బియ్యం తప్ప ఏ రుచీ లేదు. ఆ రుచి మాత్రం నిండా ఉంది.

ఆ యంత్రం చేసిన పనే నా నాలుగు ప్రయత్నాల్లో లోపించింది. ఉడికిన పిండిని అంత బలంగా, అన్నిసార్లు, వేడిగా ఉండగానే నొక్కడం రెండు చేతులతో అయ్యే పని కాదు. యంత్రం రాకముందు ఎలా చేశారని మీరు అడగవచ్చు. దంచారు. 1849లో హాంగ్ సొక్‌మో సంవత్సరం పొడుగునా జరిగే ఆచారాలను రాసిన "తోంగ్‌గుక్ సెసిగి"లో ఆ పద్ధతి ఉంది. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, పెద్ద చెక్కబల్ల మీద పోసి, పొడుగాటి పిడి ఉన్న కొయ్య సుత్తితో లెక్కలేనన్నిసార్లు దంచి, పొడవుగా సాగదీసి, డబ్బు బిళ్లంత పలచగా కోసి, గొడ్డు మాంసంతోనో నెమలికోడి (ఫెజెంట్ అనే అడవి పక్షి) మాంసంతోనో కాచిన చారులో వేయాలి. ఆ కొయ్య సుత్తిని తొక్‌మె అంటారు. దాన్ని ఒకరు ఎత్తి కొడుతుంటే, ఇంకొకరు వేడి ముద్దను మధ్యమధ్య తిప్పుతూ ఉండాలి. తొక్‌మె ఎత్తాలంటే భుజబలం ఉన్న మగవాళ్లు కావాలి. అంటే పాతకాలంలోనూ అది ఒక స్త్రీ ఒక వంటగదిలో ఒంటరిగా చేసుకున్న పని కాదు. వాకిట్లో నలుగురి మధ్య నడిచిన పని. మర వచ్చి ఆ వాకిలిని తన దగ్గరికి మార్చుకుంది, అంతే.

అందుకే "అంతా నీ చేత్తోనే" అనే మాట వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఎవరి చేయి? ఆ వాక్యంలో చేయి ఎప్పుడూ ఏకవచనమే, ఎప్పుడూ ఆడదానిదే. పండుగ రోజుల పనికి ఒళ్లు హూనమై, మనసు చిరాకెత్తి, పండుగ అనగానే కడుపులో దేవినట్టుండే స్థితికి కొరియన్లు మ్యొంగ్జొల్ జుంగ్‌హుగున్ అని పేరే పెట్టారు. పండుగ జబ్బు అన్నమాట. సొల్లాల్‌కు, ఆకురాలు కాలపు చుసొక్ పండుగకు అత్తవారింట్లో కోడళ్లు పడే చాకిరీకి పుట్టిన పేరు అది. అటువంటి దేశపు పండుగ వంటకు మనం బయటి నుంచి వచ్చి, ఆ దేశపు ఆడవాళ్లు ఎన్నడూ ఒంటరిగా మోయని ఇంకో బరువును తగిలించి, దానికి సంప్రదాయం అని పేరు పెట్టడం ఏం న్యాయం? మన అరిసెలే చూడండి. పాకం చూసేవారొకరు, పిండి కలిపేవారొకరు, తట్టేవారొకరు, నూనె నుంచి తీసి చెక్కల మధ్య నొక్కేవారొకరు. ఒక్కరే కూర్చుని చేసిన అరిసెలను నేను చూడలేదు.

నా వాదనకు ఒక చిల్లు ఉంది, అదీ చెప్పాలి. చుంగ్‌చొంగ్ ప్రాంతంలో సెంగ్‌తొక్కుక్ అని ఒకటి ఉంది, అంటే పచ్చి తొక్ పులుసు. బియ్యప్పిండిని వేడినీళ్లతో గట్టిగా పిసికి, కడ్డీలా చుట్టి, ఆవిరి పట్టకుండానే కోసి చారులో వేస్తారు. అది మొత్తం ఇంట్లోనే అయిపోతుంది, మరకు కడ్డీల కోసం పోనక్కరలేదు. మన ఉండ్రాళ్లను, పాలతాలికలను చేసిన చేతులకు అది సులువు. కాబట్టి "ఇంట్లో మొదటినుంచి చేసే తొక్‌గుక్ లేదు" అని నేను అంటే అబద్ధమవుతుంది. అయితే అది వేరే వంట, దానికి వేరే పేరుంది, ముక్క వేరేలా నోటికి తగులుతుంది. వీడియోలో నవ్విన ఆవిడ చేసింది నిజానికి దాని దూరపు బంధువునే. ఆ పేరుతో చెప్పి ఉంటే నాకు నాలుగు పొట్లాల పిండి మిగిలేది.

మరి ఇంట్లో చేయాల్సింది ఏమిటి? చాలా ఉంది. మొదటిది ఓపిక.

మర నుంచి తెచ్చిన కడ్డీలను వెంటనే కోస్తే కత్తికి బంకలా అతుక్కుంటాయి. ఒక రాత్రి, కొన్నిసార్లు ఒకటిన్నర రోజు, గుడ్డ మీద పరిచి, అటూ ఇటూ దొర్లిస్తూ ఆరనివ్వాలి. పైన కాస్త గట్టిపడి, లోపల ఇంకా మెత్తగా ఉన్న ఆ దశకు కొరియన్‌లో ఒక అందమైన మాట ఉంది, కుదొక్‌కుదొక్. మన ఒడియాలు సగం ఎండినప్పుడు వేలికి తగిలే తీరు అది. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే కత్తి దిగదు. పోయినేడు మధ్యాహ్నం కోయాల్సినవి రాత్రి పదింటికి కోశాను, చూపుడువేలి మొదట్లో బొబ్బ లేచింది. కోత ఏటవాలుగా ఉండాలి, మందం మూడు, నాలుగు మిల్లీమీటర్లు. మందమైతే నడుమ ఉడకదు, పలచనైతే చారులో నలిగిపోతుంది.

ఈ కోతకు కొరియాలో ఒక ప్రసిద్ధ కథ తోడుంది. 16వ శతాబ్దపు గొప్ప లిపికారుడు హాన్ హో, అందరికీ హాన్ సొక్‌బోంగ్‌గా తెలుసు. ఆయన తల్లి తొక్ అమ్మి కొడుకును చదివించింది. చదువు మధ్యలో ఇంటిమీద బెంగతో వచ్చేస్తే, తల్లి దీపం ఆర్పి, చీకట్లో నేను తొక్ కోస్తాను, నువ్వు అక్షరాలు రాయి అంది. దీపం వెలిగించి చూస్తే ఆమె ముక్కలన్నీ ఒక్క కొలతలో ఉన్నాయి, ఇతని అక్షరాలు వంకరలు పోయాయి. ఆ రాత్రే అతన్ని తిరిగి పంపించేసింది. ఈ కథను ఇక్కడ పిల్లలకు కొడుకు శ్రద్ధ గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ తల్లి కత్తే కనిపిస్తుంది. ఆమె గొప్పతనమంతా కోతలో ఉంది. ఇంటి పనితనం కనిపించే చోటు అదే.

రెండోది చారు. నలుగురికైతే గొడ్డు మాంసపు రొమ్ము భాగం, యాంగ్జి అంటారు, మూడు వందల గ్రాములు. చన్నీళ్లలో అరగంట నానబెట్టి నెత్తురు పోనిచ్చి, రెండున్నర లీటర్ల నీళ్లలో ఒక ఉల్లికాడ తెల్లభాగం, నాలుగు వెల్లుల్లి రేకలు, అరచేతంత ముల్లంగి ముక్క వేసి, పైకి తేలిన నురుగు తీస్తూ, సన్నని మంట మీద గంటన్నర మరగాలి. మాంసాన్ని తీసి పీచుల వెంట చీల్చి, కాస్త నువ్వులనూనె, ఉప్పు, వెల్లుల్లి పట్టించి పక్కన పెట్టుకోవాలి. చారును వడగట్టి, గుక్‌గాంజాంగ్ ఒక చెంచా వేసి, మిగతా ఉప్పుతో సరిచేయాలి. గుక్‌గాంజాంగ్ పులుసులకు వాడే సోయా రసం. మామూలు దానికన్నా ఉప్పన, రంగు తక్కువ. మామూలు సోయా సాస్ పోస్తే చారు తేనీటి రంగుకు తిరుగుతుంది, తీపి కూడా వస్తుంది. ఈ ఒక్క సీసా విషయంలో మాత్రం నేను మొండిని.

గొడ్డు మాంసం తినని తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి, మాదీ వాటిలో ఒకటి. ఇక్కడ సర్దుకుపోవడానికి కొరియన్లే మనకు సామెత ఇచ్చారు, "నెమలికోడి బదులు కోడి". పాతకాలంలో చారుకు శ్రేష్ఠమైనది నెమలికోడి మాంసం. దొరకనివాళ్లు పెరట్లో కోడిని పట్టారు. ఆ సామెత అలాగే పుట్టిందని అంటారు. కోడితో చారు చక్కగా వస్తుంది, ఎముకలు ఉండాలి, నలభై నిమిషాలు చాలు. చేపలు తినేవాళ్లు ఎండు నెత్తళ్లు పదిహేను, ఇరవై తీసుకుని, తలలు, పొట్టలు తీసేసి, వట్టి మూకుడులో చిటికెడు సేపు వేయించి, ఒక పలక ఎండు సముద్రపు నాచు, దసిమా అంటారు, దానితో మరిగించాలి. దసిమాను నీళ్లు మరగగానే తీసేయాలి, లేకపోతే చారు జారుడుగా అవుతుంది. శాకాహారులకు ఎండు పుట్టగొడుగులు, దసిమా, ముల్లంగి. బౌద్ధ ఆరామాల వంటల్లో చారుకు ఆధారమే ఆ పుట్టగొడుగులూ దసిమా. అందులో వెల్లుల్లి, ఉల్లి ఉండవు. మా అత్తగారు వచ్చినప్పుడు ఇదే చేశాను. ఆవిడ రెండు గిన్నెలు తాగి, "చారు బాగుంది, ఈ రబ్బరు ముక్కలెందుకే?" అన్నారు. ఆవిడతో నేను వాదించను.

ఇక కారం. చారు మరుగుతుండగా మన చేయి పోపుల డబ్బా వైపు పోతుంది, నాకూ పోయింది. మిరియాలు కొంచెం, ఫర్వాలేదు, వాళ్లూ చల్లుకుంటారు. ఎండుమిరపకాయ, కరివేపాకు పోపు వేసిన తొక్‌గుక్ ఫోటోలు కూడా చూశాను. తినడానికి బాగానే ఉండవచ్చు, ఎవరి నోరు వారిది. కానీ ఈ గిన్నె తెల్లగా ఉండటానికి ఒక పని ఉంది. కొత్త ఏడు మొదటి ఉదయం, మచ్చలేని తెలుపుతో మొదలు పెట్టాలని, కడ్డీ పొడవులా ఆయుష్షు ఉండాలని, బిళ్ల ఆకారంలా డబ్బు చేరాలని వాళ్ల కోరిక. ఏడాదంతా ఎర్రటి కిమ్చీ, ఎర్రటి పులుసులు తినే జనం ఆ ఒక్క పొద్దున ఎరుపును గిన్నెలోకి రానివ్వరు. కిమ్చీ పక్కన చిన్న పళ్లెంలో వేరుగా కూర్చుంటుంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు తగ్గించి బెల్లం పెంచితే మనకు ఎలా ఉంటుందో, ఇక్కడ పోపు అలాగే ఉంటుంది.

పైన వేసే గుడ్డును జిదాన్ అంటారు. తెల్లసొన, పచ్చసొన విడివిడిగా, కాగితమంత పలచని అట్లుగా, రంగు మారని సన్నమంట మీద వేసి, సన్నగానో, బర్ఫీ ముక్కల ఆకారంలోనో కోస్తారు. చూడటానికి ముచ్చట, చేయడానికి విసుగు. పచ్చసొన వస్తుంది, తెల్లసొన చిరుగుతుంది. నేను మూడేళ్లు చేసి మానేశాను. గుడ్డు గిలకొట్టి మరిగే చారులో దారంలా పోసేస్తాను. మా పై అంతస్తు ఆవిడా మామూలు రోజుల్లో అంతే. పండుగనాడు పితృదేవతలకు పెట్టే గిన్నెకు మాత్రం జిదాన్ వేస్తుంది.

ఆఖరి అయిదు నిమిషాలు మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. కోసిన ముక్కలు మనిషికి నూట యాభై గ్రాములు, ముందే అరగంట చన్నీళ్లలో నాని ఉండాలి. చారు బాగా మరుగుతుండగా వేయండి, అడుగంటకుండా ఒకసారి కలపండి. మునిగినవి ఒక్కొక్కటిగా పైకి తేలతాయి. తేలాక మూడు నిమిషాలు. ఉల్లికాడలు, గుడ్డు, వెంటనే గిన్నెల్లోకి. పైన చీల్చిన మాంసం, కాల్చి నలిపిన గిమ్ నాచు. అప్పుడే తినాలి. ఫోను తీసి ఫోటో కోసం గిన్నెలు సర్దుతూ కూర్చుంటే ముక్కలు చారును పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి, మన పాలలో మిగిలిపోయిన తాలికల్లా ఒకదానికొకటి అంటుకుంటాయి.

ప్రాంతాలు మారితే గిన్నె కూడా మారుతుంది. ఉత్తరాన మందు అనే కూరిన కుడుములు కలుపుతారు, దక్షిణ తీరంలోని తోంగ్‌యొంగ్‌లో ముత్యపు చిప్పల మాంసం వేస్తారు. గెసొంగ్ నగరపు ముక్క బిళ్లలా ఉండదు, నడుము దగ్గర నొక్కిన చిన్న పట్టుకాయలా ఉంటుంది. 1392లో కొర్యో రాజ్యాన్ని కూలదోసిన యీ సొంగ్‌గ్యె మెడ అనుకుని పాత రాజధాని ఆడవాళ్లు ఆ ముక్క మెడను నులిమారని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, పిండి పిసికే చేతులకు ఆ కథ నచ్చుతుంది.

ఈ పండుగకూ పాట్లు తప్పలేదు. 1896లో ప్రభుత్వం సూర్యమాన క్యాలెండరుకు మారింది, తర్వాత జపాను పాలనలో పాత సంవత్సరాదిని అణచాలని చూశారు, స్వతంత్రం వచ్చాక కూడా చాలాకాలం ప్రభుత్వాలు జనవరి ఒకటికే మొగ్గు చూపాయి. 1985లో "జానపద దినం" అనే పేరుతో ఒక్కరోజు సెలవు ఇచ్చారు. 1989లో గాని సొల్లాల్‌కు తన పేరు, మూడు రోజుల సెలవు తిరిగి రాలేదు. అన్నేళ్లూ ఇళ్లలో గిన్నెలు మాత్రం పాత తిథి ప్రకారమే పొగలు కక్కాయని మా పై అంతస్తు ఆవిడ అంటుంది. వయసు లెక్క విషయంలోనూ అంతే. పుట్టగానే ఒకటి, సంవత్సరాది రాగానే ఇంకొకటి అనే పాత లెక్కను పక్కన పెట్టి, 2023 జూన్ 28 నుంచి చట్టం పుట్టినరోజు లెక్కనే ఖాయం చేసింది. మర హల్మొనీని ఆ సంగతి అడిగాను. "కాగితం మీద చిన్నదాన్నయ్యాను. మోకాళ్లకు ఆ కాగితం చూపించాలి" అంది.

ఇండియాలో ఉన్నవాళ్లు ఏం చేయాలి? కోసిన ముక్కల ప్యాకెట్లు కొరియన్ సరుకుల దుకాణాల్లో దొరుకుతాయి. పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం వచ్చాక అనంతపురం వైపు కూడా కొరియన్ భోజనశాలలు వెలిశాయి కాబట్టి ఈ సరుకు మనకు మరీ పరాయిది కాదు. సిగ్గుపడకుండా కొనండి. సోనా మసూరి నానబెట్టి మన మరలో తడి పిండి పట్టించి ప్రయత్నించినవాళ్లు నాకు తెలుసు. పిండి అందంగా వస్తుంది, కడ్డీ మాత్రం విరుగుతుంది. కొరియా బియ్యం పొట్టి గింజ, ఉడికితే అంటుకుంటుంది. మన బియ్యం పొడిపొడిగా ఉడకాలని మనం కోరి పెంచుకున్నది. దాని తప్పేమీ లేదు.

మిగిలిన ముక్కలను ఫ్రిజ్ కింది అరలో పెట్టకండి. ఉడికిన బియ్యప్పిండి ఆ చలిలోనే అన్నిటికన్నా వేగంగా గట్టిపడి బీటలు వారుతుంది. కోయగానే సంచుల్లో పలచగా పరిచి ఫ్రీజర్‌లోకి తోసేయాలి. ఈసారి మా మాల్‌లో నలుగురం పంచుకున్నాం. పై అంతస్తు ఆవిడ, ఎదురిల్లు, మేము, కిందటేడు గుంటూరు నుంచి వచ్చిన ఒక జంట. ఆ అమ్మాయి వీడియో చూసి పొడి పిండి కొనడానికి బయలుదేరుతుంటే మెట్ల దగ్గర పట్టుకున్నాను. నా వాటాలో ఇంకా రెండు సంచులున్నాయి, ఒకదాని మీద తేదీ వేయడం మరిచిపోయాను.